పార పట్టే ముందు పదును చూడాలి

ఢిల్లీ పక్కనే, యమునకూ హిండన్‌కూ నడుమ ఉన్న ఇందిరాపురానిది ఒండ్రు నేల. నదులు వేల ఏళ్లుగా తెచ్చి పరిచిన సన్నటి మట్టి, అందులో బంకమట్టి పాలు, అక్కడక్కడా కంకర్ అని పిలిచే సున్నపు గడ్డలు. చుట్టుపక్కల జిల్లాల్లో పైర్లు పండేదీ, ఇటుకలు కాల్చేదీ ఈ మట్టితోనే. అపార్టుమెంటు ముందు పూలమడిలో మాత్రం అది దాని సహజ స్థితిలో లేదు. పునాదులు తవ్వినప్పుడు అడుగు మట్టి పైకొచ్చింది. లారీలూ జేసీబీలూ తిరిగి దాన్ని అణగదొక్కాయి. ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, అంటే ఇక్కడివాళ్లు మలబా అనే సరంజామా అంతా కిందే ఉండిపోయింది. దాని మీద జానెడు మంచి మట్టి పోసి పచ్చిక పరిచారు. వాన నీరు ఆ జానెడూ దిగి గట్టి పొర మీద ఆగిపోతుంది. భూగర్భ జలం ఎంత లోతుకు పోయినా పైన మడి చిత్తడిగా ఉండటానికి చాలాచోట్ల కారణం ఇదే.

ఢిల్లీ ప్రాంతం నుంచి నైరుతి రుతుపవనాలు సాధారణంగా సెప్టెంబరు 25 ప్రాంతంలో వెళ్లిపోతాయి. అవి వెళ్లేవేళ ఒక్కోసారి గట్టిగానే కురుస్తుంది. 2021 సెప్టెంబరులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 413 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఆ నెలకు 1944 తర్వాత అంత వాన ఎన్నడూ లేదు. చలికాలంలో పశ్చిమ గాలుల వెంట వచ్చే వానలు మామూలుగా తక్కువే, కానీ 2024 డిసెంబరు 28 ఉదయానికి ఒక్క రోజులో 40 మిల్లీమీటర్లకు పైగా పడింది. శీతాకాలంలో చిక్కేమిటంటే పడిన కొద్ది నీరూ ఆరదు. పొగమంచు కమ్మి రోజుల తరబడి ఎండ రాదు, మొక్క కూడా నీరు పెద్దగా పీల్చదు.

మంచి నేలలో సగానికి సగం ఖాళీ. ఆ సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. సందులన్నీ నీటితో నిండితే వేరుకు ఊపిరాడదు. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఉన్నది కాస్తా వేళ్లూ సూక్ష్మజీవులూ ఒకటి రెండు రోజుల్లో వాడేసుకుంటాయి. ఆ తర్వాత గాలి అక్కర్లేని జీవుల రాజ్యం: నత్రజని వాయువుగా మారి ఎగిరిపోతుంది, మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది, ముదిరితే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఆకులు పసుపెక్కి, కాళ్ల కింద నీళ్లుండగానే మొక్క వడలిపోతుంది. వాడిందని ఇంకో చెంబు పోసేవాళ్లు ఉండనే ఉంటారు.

తడి నేలను తవ్వితే ఏమవుతుందో వరి రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గోదావరి డెల్టాలో దమ్ము చేసేది అందుకే: నీళ్లలో మట్టిని కలియదొక్కి, సందులన్నీ మూసి, చేలో నీరు కిందికి ఇంకకుండా కట్టడి చేస్తారు. వరికి అది వరం. బంతికీ చామంతికీ మెంతికీ అదే శాపం. బురదలో పార వేసిన తోటమాలి తెలియకుండానే పూలమడికి దమ్ము చేస్తున్నాడు. పార అంచు రాసుకున్న చోట మట్టి సానపట్టినట్టు మెరుస్తుంది. ఆరాక అది పెళ్లలుగా బిగిసి, సమ్మెటకు కూడా లొంగదు.

కాబట్టి ముందు చూడాల్సింది పదును. నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. వేళ్ల సందుల్లోంచి జిగురుగా వచ్చినా, ఉండను బొటనవేలితో నొక్కితే సొట్టపడి ఊరుకున్నా ఇంకా ఆగాల్సిందే. ఉండ కట్టి, తాకగానే పొడిపొడిగా విడిపోతే పదునుకు వచ్చినట్టు. ఇందిరాపురంలో ఆ అదను ఎక్కువగా అక్టోబరు ఎండల్లో దొరుకుతుంది. శీతల దేశాల పుస్తకాలు శరదృతువులో నేల తిరగేసి వదిలేయమంటాయి, మంచు గడ్డకట్టి కరుగుతూ పెళ్లల్ని పగలగొడుతుందని. ఇక్కడి చలికి ఆ బలం లేదు. ఇక్కడ పెళ్లను విరిచేది తడిసి ఆరడం, ఆరి నెర్రెలివ్వడం. తవ్వకం నవంబరు లోపే ముగించి, పొగమంచు రోజుల్లో పైపైన ఖుర్పీ అనే చిన్న చేతిపారతో గీరడం మించి చేయకపోవడం మేలు. తడి మడిలోకి దిగక తప్పకపోతే చెక్క పలక వేసి దాని మీద నిలబడాలి.

నీరు ఎందుకు ఆగుతోందో తెలుసుకోవడానికి అడుగు లోతు గుంత చాలు. నీటితో నింపి, ఇంకాక మళ్లీ నింపాలి. గంటకు అంగుళం చొప్పున దిగితే భయం లేదు. మర్నాటికీ నిలిచి ఉంటే కింద పొర ఉన్నట్టే. నేల ఆరినప్పుడు ఆ పొరను గునపంతో పగలగొట్టవచ్చు. మడి కింద కార్ల పార్కింగ్ ఉంటే మాత్రం గునపం మాట మరిచిపోవాలి, దాని పైకప్పుకు వేసిన నీటి నిరోధక పొర చిల్లుపడుతుంది. అలాంటిచోట మడినే పైకి లేపాలి: మూడు నాలుగడుగుల వెడల్పు, జానెడు ఎత్తు, చుట్టూ నీరు కాలువకు జారే వాలు. ముల్లంగి, క్యారెట్ వంటివి బోదెల మీద విత్తితే నీటి పోటు తప్పుతుంది.

బంకమట్టిలో నాలుగు తట్టల ఇసుక కలపడం ఎక్కువమంది చేసే పొరపాటు. మట్టిలో సగం దాకా పోస్తే తప్ప ఇసుక పనిచేయదు. కొద్దిపాటిది ఎండాక గచ్చులా బిగుస్తుంది. జిప్సం చౌడు నేలకే మందు. ఆ నేలను ఉత్తరప్రదేశ్‌లో ఊసర్ అంటారు. మట్టి పరీక్షలో సోడియం ఎక్కువని తేలనిదే చల్లడం వృథా. ఎక్కడైనా పనికొచ్చేది బాగా మాగిన పశువుల ఎరువూ ఆకు ఎరువూ. రెండు మూడంగుళాలు పరిచి పై మట్టిలో కలిపితే బంకరేణువులు గుంపులు కట్టి సందులు తెరుచుకుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో వేప రాల్చే ఆకులను గుంతలో మాగబెడితే అక్టోబరుకు అందివస్తాయి. రాజధాని ప్రాంతంలో ఆకులు తగలబెట్టడం 2015 నుంచి నిషిద్ధం కూడా.

బాల్కనీ కుండీలదీ ఇదే కథ. తెలుగిళ్లలో తప్పక కనిపించే కరివేపాకు ఉత్తరాది చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది. చచ్చిందేమోనని రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లి నిజంగానే చస్తుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీరు పారబోసి, పై రెండంగుళాలు ఆరాకే పోయాలి.

ఇంత చేసినా నీరు నిలిచే మూల ఒకటి మిగులుతుంది. దానితో పోరాడే కంటే అక్కడ మెట్టతామరో చేమో పాతడం తేలిక. రెండూ తడి కాళ్లతోనే బతుకుతాయి. చలికి పైన ఎండినట్టు కనిపించినా దుంప కింద ఉంటుంది, మార్చి ఎండకు మళ్లీ చిగురిస్తుంది.