అయిదో బోరు ఎందుకు వేయిస్తారు?

కదిరి చుట్టుపక్కల నేల కింద గట్టి బండ. నీళ్లుండేది ఆ బండ పగుళ్లలోనే. పగులు తగిలితే నీళ్లు, లేకుంటే దుమ్ము. శెనక్కాయ పంట మీద బతికే మెట్టసీమలో వాన మొహం చాటేస్తే రైతు బోరుబండిని పిలవడంలో వింతేమీ లేదు. మొదటి బోరు నీళ్ల కోసమే. అప్పు మీద అప్పు తెచ్చి అయిదోది వేయించేనాటికి సంగతి మారిపోవచ్చు. లెక్క చూసుకోవాలంటే భయం. ఏదో ఒకటి చేస్తున్నామన్న ధీమా ఆ రాత్రికి కాస్త నిద్ర పట్టిస్తుంది. అప్పటికి ఊరటనిచ్చి, అసలు బాధను ఇంకా పెంచే ఇలాంటి దారిని మనస్తత్వ శాస్త్రం 'మాల్అడాప్టివ్ కోపింగ్' అంటుంది.

మందు, పేకాట ఈ కోవవేనని అందరికీ తెలుసు. బ్యాంకు నోటీసును విప్పకుండా దూలంలో దోపేయడం, అప్పిచ్చినాయన వీధి తప్పించి చుట్టూ తిరిగి పోవడం మాత్రం ఎవరి కంటా పడవు. నోటీసు కనబడకుండా పోగానే గుండెదడ తగ్గుతుంది. ఆ తగ్గడమే మెదడుకు బహుమానం. మరోసారి ఇంకా తొందరగా దాయిస్తుంది. బాధ తొలగడం వల్ల అలవాటు ఇలా బలపడటాన్ని 'నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్' అంటారు. వడ్డీ మాత్రం దూలంలో దాగదు.

ఈమధ్య 'మాల్అడాప్టివ్' అన్న మాటను ఎడాపెడా వాడేస్తున్నారు. ఒత్తిడి మీద 1984లో పుస్తకం రాసిన రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ ఏ పద్ధతికీ పుట్టుకతో మంచీ చెడూ అంటగట్టలేదు. సందర్భానికి సరిపోయిందా లేదా అన్నదే వాళ్లు చూడమన్నది. మార్చగలిగినదాన్ని మార్చే ప్రయత్నం ఒకటి, మారనిదాని ముందు మనసు కుదుటపరచుకోవడం మరొకటి. వాన మన చేతిలో లేదు కాబట్టి ఫాల్గుణంలో నరసింహస్వామి తేరు లాగి మొరపెట్టుకోవడాన్ని పలాయనం అనలేం. బెంగళూరుకు కూలికి పోవడం కూడా అంతే. పిల్లల చదువు ఎవరి దగ్గర సాగుతుందో చూసుకుని పోయేవాళ్లు పారిపోతున్నట్టు కాదు. వాళ్లను తప్పుపట్టే పెద్దమనుషులు ఒక్క కంతైనా కట్టిపెట్టరు.

ఇంకో పొరపాటూ జరుగుతుంది. కరువును రైతు బుర్రలో వెతకడం! కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 లాంటి శెనక్కాయ వంగడాలూ, చేతికందే పంట బీమా డబ్బూ ఒత్తిడిని మొదట్లోనే తగ్గిస్తాయి. వైద్యుడు చేయగలిగింది ఆ తర్వాతే.

ఇలాంటి అలవాట్లను ఇంట్లోవాళ్లు తిట్టి మాన్పించబోతే దాచేది ఇంకా పెరుగుతుంది. నోటీసు చదివేటప్పుడు పక్కన నమ్మకమైన మనిషి ఒకరుండాలి, ఆరోజుకు ఒక్క కాగితం చాలు. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.