తప్పును తానే దిద్దుకొనే సందేశం

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించిన పండితులకు ఒక సౌకర్యం ఉండేది. లేఖకుడు ఉత్పలమాల పాదంలో ఒక అక్షరం జారవిడిస్తే ఇరవై అక్షరాల లెక్క తప్పుతుంది. ఒకదానికి బదులు మరొకటి వ్రాస్తే గణం చెడవచ్చు. పదవ అక్షరం వద్ద యతి తప్పవచ్చు. రెండవ అక్షరం వద్ద ప్రాస కుదరకపోవచ్చు. పద్యం తనలో చేరిన దోషాన్ని తానే చాటుతుంది. వచనానికి ఆ శక్తి తక్కువ. అందులో ఒక మాట పోయినా, పోయిన సంగతి తెలియకుండానే చదువరి ముందుకు సాగిపోవచ్చు.

ఛందస్సు పుట్టినది శ్రవణసుఖానికి, ధారణకు. అయినా, అర్థానికి అవసరమైన దానికంటె అదనంగా విధించుకొన్న ఆ నియమమే పాఠానికి కావలి అయినది. నేడు ఆకాశమార్గాన సాగే డిజిటల్ వార్తలకు కూడ ఇటువంటి కావలియే రక్ష.

మాట కానీ, పాట కానీ, చిత్రం కానీ మొదట 0, 1 అనే రెండంకెల వరుసగా మారి, పిదప రేడియో తరంగాల నెక్కి ప్రయాణం చేస్తుంది. త్రోవలో మెరుపులు, యంత్రాల అలజడి, గోడలకు తగిలి మరలివచ్చిన తరంగాలు 0ను 1గా, 1ని 0గా తారుమారు చేయగలవు. ప్రతి అంకెను మూడుసార్లు పంపి, రెండుసార్లు వచ్చినదానిని నమ్మవచ్చును. కాని అప్పుడు వ్యయం మూడింతలు. ఇంతకంటె పొదుపైన మార్గం లేదా?

అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుని ఈ ప్రశ్న వేధించినది. వారాంతంలో ఆయన అప్పగించిన లెక్కను యంత్రం చేస్తూ, దోషం కనబడగానే దానిని విడిచిపెట్టేది. తప్పు జరిగినదని గుర్తించగల యంత్రం, అది ఎక్కడ జరిగినదో ఎందుకు కనుగొనలేదని ఆయన ఆలోచించినాడు. 1950లో ప్రకటించిన ఆయన ఉపాయం ఎంత సరళమైనదంటే, దానిని నల్లబల్ల మీద వ్రాసి చూపవచ్చును.

ఏడు గళ్ళు గీయండి. 3, 5, 6, 7 గళ్ళలో పంపవలసిన అంకెలు ఉంచండి. అవి వరుసగా 1, 0, 1, 1 అనుకొందాము. 1, 2, 4 గళ్ళు కావలివారివి. 1, 3, 5, 7 గళ్ళ మొత్తం సరిసంఖ్య కావలెను; కనుక మొదటి గడిలో 0. 2, 3, 6, 7 గళ్ళ మొత్తం సరిసంఖ్య కావలెను. కనుక రెండవ గడిలో 1. 4, 5, 6, 7 గళ్ళకూ అదే నియమం. కనుక నాలుగవ గడిలో 0. పంపిన వరుస 0110011. త్రోవలో ఆరవ అంకె చెడి 0110001గా చేరినదనుకొనండి. మొదటి కావలివాని లెక్క సరిపోతుంది. 2వ గడివాని లెక్క, 4వ గడివాని లెక్క తప్పుతవి. 2, 4 కూడితే 6. తప్పిన గడి అదే! అక్కడి 0ను 1గా మార్చితే సందేశం యథాతథం. మళ్ళీ పంపుమని అడుగవలసిన పనిలేదు.

అయితే ఏడింటిలో రెండంకెలు ఒకేసారి చెడితే ఈ ఉపాయం మోసపోతుంది. పెక్కు తప్పులను దిద్దే పద్ధతుల చరిత్రలో మన దేశపు గణితానికి గౌరవస్థానం ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రయోగాలను క్రమపద్ధతిలో ఏర్పాటు చేయడానికి 1947లో ఆర్థోగోనల్ ఎర్రేలు అనే అంకెల పట్టికలను ప్రతిపాదించినాడు. ఆ పట్టికలు, దోషాలను దిద్దే సంకేతాలు ఒకే గణితానికి రెండు ముఖాలని తరువాత తేలినది. అదే సంస్థలో పనిచేసి అమెరికా వెళ్ళిన రాజచంద్ర బోసు, తన శిష్యుడు రాయ్‌చౌధురితో కలిసి 1960లో పెక్కు తప్పులను దిద్దే సంకేతాలను ప్రకటించినాడు. ఫ్రాన్సులో హోకెంగెమ్ 1959లోనే వేరుగా వాటిని కనుగొన్నాడు. ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో అవి బి.సి.హెచ్. సంకేతాలైనవి. ఉపగ్రహ టెలివిజన్ రెండవ తరం ప్రమాణంలో అవి పనిచేస్తున్నవి.

1960లోనే రీడ్, సాలొమన్ అనే ఇద్దరు, గుంపుగా వచ్చిపడే తప్పులను సైతం దిద్దే మరొక సంకేతాన్ని ప్రకటించినారు. 1986 జనవరిలో వాయేజర్-2 నౌక యురేనస్ గ్రహం చేరువనుండి చిత్రాలు పంపినప్పుడు దానినే వాడినారు. ఆ నౌకలోని ప్రసార యంత్రం శక్తి సుమారు 23 వాట్లు. దూరం దాదాపు 290 కోట్ల కిలోమీటర్లు. మళ్ళీ చెప్పుమని అడుగుదామన్నా, ప్రశ్న చేరడానికే రెండున్నర గంటలకు పైగా పట్టే చోటు అది.

అసలు హద్దు ఎక్కడ ఉన్నది? ప్రతి మార్గానికీ ఒక పరిమితి కలదనీ, ఆ పరిమితికి లోబడిన వేగంతో పంపితే దోషాలను ఎంత స్వల్పంగానైనా తగ్గించవచ్చుననీ క్లాడ్ షానన్ 1948లో నిరూపించినాడు. గమ్యం చూపినాడే కాని దారి చూపలేదు. రాబర్ట్ గాలగర్ అనే విద్యార్థి 1960లో తన పరిశోధన వ్యాసంలో ఒక దారి వేసినాడు. ఆనాటి గణనయంత్రాలకు అంత లెక్క చేసే శక్తి లేకపోయినది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ వ్యాసాన్ని పట్టించుకొన్నవారు బహుకొద్ది. 1993లో ఫ్రాన్సుకు చెందిన బెరూ బృందం టర్బో సంకేతాలతో షానన్ హద్దును సమీపించిన తరువాత, డేవిడ్ మెకాయ్ మొదలైనవారు గాలగర్ మార్గాన్ని మళ్ళీ వెలికితీసినారు. ఇప్పటి 5జి టెలిఫోన్లలో సమాచారాన్ని కాపాడేది అదే. నియంత్రణ సంకేతాలకు కావలి, తుర్కీ దేశపు ఆచార్యుడు అరికాన్ 2009లో ప్రకటించిన పోలార్ సంకేతం.

ప్రయోజనం లేదని పక్కన పెట్టిన గణితం, దానికి తగిన యంత్రం పుట్టేవరకు అటక మీద వేచి ఉండవచ్చును. అందుచేత “ఈ లెక్క ఎందుకు పనికివస్తుంది?” అని విద్యార్థి అడిగితే, ఉపాధ్యాయుడు ఏడు గళ్ళు గీసి, ఒక అంకెను చెరిపి, ఏది తప్పినదో చెప్పుమని అడుగవచ్చును. జవాబు విద్యార్థే కనుగొంటాడు.