విమానం కడుపులో వంగే నడుములు

ఊరికి పోయే ముందు కార్టన్ కట్టడం మనందరికీ తెలిసిన పనే. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, పిల్లల బట్టలు... టికెట్టు మీద 30 కిలోలు అని ఉంటే ఆ 30 కిలోలూ ఒకే పెట్టెలో కూరి, టేపు చుట్టి, నైలాన్ తాడు బిగిస్తాం. కౌంటరు దగ్గర బెల్టు మీద అది కదిలిపోయాక మళ్ళీ మన ఊళ్ళోనే దాని మొహం చూసేది. మధ్యలో దాన్ని ఎత్తేదెవరు? చాలాసార్లు మన క్యాంపులో పై బంకు మీద పడుకునే అన్నే.

మేము దుబాయ్‌లో ఎయిర్‌పోర్టు లోడింగు పనివాళ్ళ హాజరు, లీవు కాగితాలు రాసే క్లర్కులం. మా బల్ల మీదికొచ్చే సిక్ లీవు చీటీల్లో "నడుం నొప్పి" అన్న మాట రాసి రాసి మా చేతికి అలవాటైపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

హైదరాబాద్ లాంటి దగ్గర ఊళ్ళకు ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి చిన్న విమానాల్లో సామాను గది ఎత్తు నాలుగడుగులకు కాస్త అటూ ఇటూ. మనిషి నిలబడలేడు. మోకాళ్ళ మీద కూర్చుని, బెల్టు మీద వచ్చిన పెట్టెను పక్కనుంచి అందుకుని, నడుము తిప్పి వెనక్కి పేర్చాలి. కాళ్ళ బలం వాడుకునే వీలుండదు, బరువంతా నడుము మీదే. పెద్ద విమానాలకైతే కంటైనర్లుంటాయి, మిషను ఎక్కిస్తుంది. కానీ ఆ కంటైనరును నింపేది మళ్ళీ మనిషే. పై వరుసకు పెట్టెను భుజం కంటే పైకి లేపాలి.

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో ఒక లెక్క చెప్పింది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి ఆనుకుని, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా, పట్టు బాగుండి, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే 23 కిలోలు. చేయి చాచినా, నడుము తిప్పినా, నిమిషానికి ఎక్కువసార్లు ఎత్తినా ఆ అంకె తగ్గిపోతుంది. మరి గుహలాంటి చోట మోకాళ్ళ మీద 30 కిలోల పెట్టె సంగతి మీరే ఆలోచించండి.

లోడింగులో ఉన్న అన్నలు ముఖ్యంగా చూసుకోవలసింది మెలి. పెట్టెను అందుకున్నాక నడుము తిప్పకుండా మోకాళ్ళతో సహా ఒళ్ళంతా తిరగాలి. ఎత్తి విసరడం కంటే నేల మీద జరపడం మేలు. "హెవీ" ట్యాగు ఉంటే ఇద్దరు పట్టుకోండి. అది పిరికితనం కాదు, ట్యాగు వేసేదే అందుకు. లోపలి మనిషి, బయటి మనిషి ఫ్లైటు ఫ్లైటుకూ మారితే ఒకే నడుము అరగదు. ఈ మాట టీం లీడరుతో అందరూ కలిసి అడగండి, ఒక్కరు అడిగితే సోమరి అంటారు.

నడుముకు కట్టే బెల్టు మీద చాలామందికి నమ్మకం. బాగున్నవాళ్ళకు అది దెబ్బ తగలకుండా కాపాడుతుందనడానికి రుజువు లేదని నియోష్ 1994లోనే చెప్పింది. కట్టుకున్న ధైర్యంతో ఇంకాస్త ఎక్కువ ఎత్తడమే ప్రమాదం.

ఇక రూం సంగతి. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య మెత్తలు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో బకెట్టు ఎత్తడం, బాగా వంగడం తగ్గించాలి. బస్సులో చాలాసేపు కూర్చుని దిగగానే బరువు పట్టకుండా నాలుగడుగులు నడవండి. మంచం గుంట పడితే కింద ప్లైవుడ్ వేయండి. గచ్చు మీద పడుకుంటే నడుము కుదురుతుందని మనవాళ్ళంటారు గానీ, 2003లో స్పెయిన్‌లో పాత నడుం నొప్పి ఉన్న 313 మందిని చూస్తే, మరీ గట్టి పరుపు కంటే మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్ళకే ఎక్కువ ఊరట దొరికింది.

నొప్పి వస్తే రోజుల తరబడి పడుకోవద్దు, మెల్లగా నడుస్తూ ఉండాలి. ఎండలో చెమటోడుస్తూ, నీళ్ళు తాగకుండా రోజూ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలకు చేటు. కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

దాచుకునేవాళ్ళే ఎక్కువ. ఇంటికి పంపేస్తారని భయం. యూఏఈ చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటినవాళ్ళకు ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవు ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతావి జీతం లేకుండా. మూడు పనిదినాల్లోపు చెప్పి, డాక్టరు కాగితం ఇవ్వాలి. పనిలోనే దెబ్బ తగిలితే ఆ రోజే రాయించండి. వారం తర్వాత వచ్చి "అప్పుడే పట్టేసింది" అంటే మాలాంటి క్లర్కులకు రాయడం కష్టమవుతుంది.

పోయిన నెల మాలో ఒకరు ఊరికి పోతూ, టికెట్టులో రెండు పీసులకు వీలుందని చూసుకుని, తన 30 కిలోలను రెండు పెట్టెలు చేశాడు. తాడు రెండింతలు పట్టింది, రూంలో అందరూ నవ్వారు. పై బంకు అన్న మాత్రం నవ్వలేదు, టేపు పట్టుకుని కూర్చున్నాడు.