ఒక కుప్ప ఎక్కువ వెయ్యండి

కొరికే గుర్రాన్ని ఏం చెయ్యాలని అడిగితే వినుకొండ వైపు ఎవరైనా ఠక్కున చెప్పేది ఒకటే మాట: కట్టెయ్. పొడిచే గేదెను కొట్టంలో చివరి గూటానికి కడతాం. చేలో పడే పశువు మెడకు గుదిబండ వేలాడదీస్తాం. ఆ అలవాటునే గుర్రం మీదా ప్రయోగిస్తాం. కాస్త జాలి ఉన్నవాళ్లయితే ముందుకాళ్లకు బంధం వేసి, కుంటుకుంటూ మెయ్యమని వదులుతారు. సాధుగుర్రం ఒంటి నిండా పంటి గాట్లు పడేది సరిగ్గా ఈ ఏర్పాటులోనే.

ఈ తాళ్ల అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు మీదికి వచ్చినప్పుడు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ కోటలు ఆయన వశమయ్యాయి. విజయనగరం దండుకు మేలుజాతి గుర్రాలు సముద్రం మీద నుంచి దిగేవి. రాజు ఏటా 13,000 హోర్ముజు గుర్రాలు కొంటాడని 1530ల్లో అక్కడ ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. అంత సొమ్ము పోసి కొన్నదాన్ని ఎవరూ బీట్లోకి తోలరు కదా. మన దేశంలో లష్కరు గుర్రం అంటే తలవైపు అగాడి, వెనక కాళ్లకు పిచ్చాడి, ముందు ఉలవ గుగ్గిళ్లు. పక్కదాని నోటికి అందనంత ఎడంలో కట్టేస్తే కొరుకుడు సమస్యే లేదు. అందుకే గుర్రాలను కట్టడం మనకు బాగా వచ్చింది, కలిపి మేపడం రాలేదు.

ఇప్పుడు దండు లేదు. 2012లో దేశంలో ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 పశుగణన నాటికి దాదాపు 3.4 లక్షలకు పడిపోయాయి. వినుకొండలో గుర్రం అంటే ముందు కవి గుర్రం జాషువా గుర్తొస్తాడు, తర్వాతే పెళ్లి ఊరేగింపు. మూఢమో శూన్యమాసమో వస్తే ముహూర్తాలుండవు, ఊరేగింపు గుర్రాలకు పనీ ఉండదు. ఇద్దరు ముగ్గురి గుర్రాలను కలిపి కోసిన చేలోనో కొండవార బీట్లోనో వదిలితే గొడవ అప్పుడు మొదలవుతుంది.

ఆ గొడవను కాస్త దగ్గరగా చూడండి. నడుమ ఒకటే చొప్పకుప్ప. పెద్దగుర్రం తింటోంది. రెండోది పక్కనుంచి మెల్లగా వస్తుంది. పెద్దది తల కూడా ఎత్తదు, చెవులు మాత్రం వెనక్కి వాలతాయి. వచ్చినది ఆగలేదు. ఈసారి మెడ నేలబారుగా చాచి, తలను పాములా ఆడిస్తుంది. తోక విసురుతుంది. అప్పటికీ పక్కకు తప్పుకోకపోతేనే పళ్లు. మెడ మీదో తొంటి మీదో గాటు పడే ముందు ఇన్ని హెచ్చరికలు నడుస్తాయి. తప్పుకునే వీలున్న గుర్రం రెండో హెచ్చరికకే తప్పుకుంటుంది. ముందుకాళ్లకు బంధం ఉన్నది ఎక్కడికి పోతుంది? హెచ్చరిక దానికి అర్థమవుతుంది, కాళ్లే కదలవు. మేతకు వదిలినప్పుడు బంధం తీసెయ్యడం మొదటి మందు.

నోరు పెట్టిన ప్రతిసారీ కొరికినట్టు కాదు. రెండు గుర్రాలు ఎదురుబొదురుగా నిలబడి ఒకదాని మెడమొదలు ఒకటి పళ్లతో గీరుతుంటే బెత్తం పుచ్చుకుని పరుగెత్తొద్దు. అది స్నేహం. ఫ్రాన్సులో కామార్గ్ గుర్రాల మీద 1993లో చేసిన పరిశీలనలో మెడమొదలు దగ్గర గీరినప్పుడు గుండె వేగం తగ్గినట్టు తేలింది. పిల్ల గుర్రం పెద్దదాని ముందు నోరు టపటపలాడిస్తే, నేను చిన్నదాన్ని, నన్నేమీ చెయ్యకు అని చెప్పుకుంటున్నట్టు.

అసలు తగాదా మేత దగ్గర. గుర్రం కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లకు మించదు. స్వేచ్ఛగా ఉంటే రోజులో 16 గంటల దాకా మేస్తుంది. మేత లేకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట పడేస్తే, వేసినప్పుడల్లా యుద్ధమే. మూడు గుర్రాలుంటే నాలుగు కుప్పలు వెయ్యండి. కుప్పకూ కుప్పకూ మధ్య రెండు గుర్రాల నిడివి ఉండాలి. పెద్దది ఒకదాన్ని తరిమితే అది ఖాళీ కుప్ప దగ్గరికి పోతుంది, పెద్దది తను వదిలిన కుప్పకో కొత్తదానికో తిరిగొస్తుంది. అడ్డా మారుతుంది తప్ప ఎవరూ పస్తుండరు. ఉలవలు, తవుడు మాత్రం విడివిడిగా కట్టి పెట్టాల్సిందే. దాణా బకెట్టు పట్టుకుని వదిలిన గుర్రాల మధ్యకు వెళ్లడం మనిషికీ మంచిది కాదు.

మేత తర్వాతది చోటు. ఒక్కో గుర్రానికి 331 చదరపు మీటర్లు దాటితే తగాదాలు దాదాపు సున్నాకు చేరుతున్నాయని జర్మనీలో 2013లో లెక్క తేల్చారు. మన కొలతలో ఎనిమిది సెంట్ల పైచిలుకు. సాగర్ కాలువ కింద సెంటు నేల ధర తెలిసినవాళ్లకు నవ్వొస్తుందేమో కానీ, కోత అయ్యాక ఎకరాలకు ఎకరాలు ఊరికే పడి ఉండేదీ అక్కడే. చోటెంత ఉన్నా ఇరుకు మూలలుంటే లాభం లేదు. తరుముకొచ్చినప్పుడు మూలన పడ్డదే దెబ్బ తింటుంది. ముళ్లతీగ ఉంటే మరీ ఘోరం. కంచె మూలకు అడ్డంగా నాలుగు వాసాలు కట్టండి. నీళ్లతొట్టి మూలన పెట్టకండి.

కొత్త గుర్రాన్ని తెచ్చిన రోజే మందలో వదలడం మనవాళ్లు తరచూ చేసే పని. నాలుగు రోజులు కంచెకు అవతల ఉంచితే చూపులు, వాసనలు, అరుపులు అన్నీ అక్కడే అయిపోతాయి. తర్వాత మందలో మెత్తనిదాన్ని ఒక్కదాన్నే ముందు జత చెయ్యాలి. కొత్తగా కలిపేటప్పుడు వెనక కాళ్ల లాడాలు ఊడదీయిస్తే తన్నులకు ఎముకలు విరిగే భయం తగ్గుతుంది. విత్తులు కొట్టించని మగగుర్రాన్ని ఆడగుర్రాలున్న చోట మిగతా మగవాటితో వదలొద్దు. దీనికి ఇంకో ఉపాయం లేదు. కుదురుకున్న మందను మాటిమాటికీ విడదీసి కలిపినా ఎవరు పెద్ద అన్న తగవు మళ్లీ మొదటికొస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఒకటే గుర్రం అదే పనిగా మీద పడుతుంటే దానికి వేరే దడి కట్టడమే నయం. పలుపు కురచ చేసి రోజంతా కట్టిపడేస్తే జంతుహింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరమవుతుంది.

గాటు పడితే శుభ్రమైన నీళ్లతో బాగా కడిగి పశువుల డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం గుర్రానికి చాలా తొందరగా సోకుతుంది, టీకా తప్పనిసరి. ఇన్నాళ్లూ మెత్తగా ఉన్న గుర్రం ఉన్నట్టుండి కనపడినదాన్నల్లా కొరుకుతున్నా, తన ఒంటినే కొరుక్కుంటున్నా అది మంద తగాదా కాదు. డొక్కవైపు తిరిగి తిరిగి చూసుకుంటుంటే కడుపునొప్పి కావచ్చు. చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేకపోతుంటే పిచ్చికుక్క కరిచిందేమోనని అనుమానించాలి. గొంతులో ఏం అడ్డుపడిందోనని నోట్లో చెయ్యి పెట్టకండి. దాన్ని విడిగా ఉంచి డాక్టరును పిలవండి, చొంగ తగిలినవాళ్లు అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.