ఆడవాళ్లు చదవకూడదన్న పుస్తకం

ఆదివారం పూట చర్చిలో పాదిరిగారు తెలుగులో వాక్యం చెబుతుంటే, ఒళ్లో బైబిలు తెరిచిపెట్టుకుని వినే ఆడవాళ్లు మన నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఎందరో ఉన్నారు. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కాని ఆడవాళ్లు ఆ పుస్తకం చదవడమే నేరమైన రోజులు ఒకప్పుడు ఇంగ్లండులో ఉండేవి. ఆ సంగతులే ఇవాళ చెప్పుకుందాం.

పదహారో శతాబ్దం మొదట్లో అక్కడి గుళ్లలో ఆరాధన లాటిన్ భాషలో జరిగేది. వినేవాళ్లలో అర్థం తెలిసినవాళ్లు బహు కొద్దిమంది. అర్థం తెలియకపోయినా మంత్రం చెవిన పడితే చాలుననుకునే మనకు ఇదేమీ కొత్తగా తోచదు లెండి. విలియం టిండేల్ అనే పండితుడు కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి మార్చి, 1526లో జర్మనీలో అచ్చువేయించి, దొంగచాటుగా స్వదేశానికి పంపించాడు. పదేళ్లకు, 1536లో, ఆయనకు మరణశిక్ష పడింది. చిత్రమేమిటంటే, 1539లో రాజు ఎనిమిదో హెన్రీ అనుమతితోనే ఇంగ్లీషు బైబిలు చర్చిల్లోకి వచ్చింది.

జనం చదివి, వాదించుకోవడం మొదలుపెట్టేసరికి పెద్దలకు గుబులు పుట్టింది. 1543లో ఒక చట్టం చేశారు. కూలీలు, నౌకర్లు, చేతివృత్తులవాళ్లు, సామాన్య స్త్రీలు ఇంగ్లీషు బైబిలు చదవరాదన్నారు. గొప్పింటి ఆడవాళ్లయితే ఒంటరిగా చదువుకోవచ్చట, పదిమందికి వినిపించకూడదట!

ఆన్ ఆస్క్యూ అనే యువతి ఇలాంటి కట్టుబాట్లకు లొంగలేదు. ప్రసాదపు రొట్టె నిజంగా క్రీస్తు శరీరంగా మారుతుందన్న సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదని ఆమెను పట్టుకుని, లండన్ టవరులో చిత్రహింసలు పెట్టారు. నడవలేని స్థితిలో ఉన్న ఆమెను 1546లో కుర్చీలో మోసుకుపోయి, సజీవంగా దహనం చేశారు. విచారణలో వాళ్లడిగిన ప్రశ్నలు, తను చెప్పిన జవాబులు ఆమె స్వయంగా రాసిపెట్టింది. అవి పుస్తకంగా అచ్చయ్యాయి.

ఆ మరుసటి ఏడే, 1547లో, ఆ చట్టం పోయింది. ప్రసంగం చేయగల పాదిరులు తక్కువ కావడంతో, రాసిన ప్రసంగాలనే సంపుటంగా అచ్చువేసి, చర్చిల్లో చదివి వినిపించమన్నారు. నేనిప్పుడు కాగితం చూసి చదువుతున్నట్టే అనుకోండి! 1549లో ప్రార్థన పుస్తకమూ ఇంగ్లీషులోకి వచ్చింది. హ్యూ లాటిమర్ 1548లో బోధకుణ్ణి నాగలి పట్టిన రైతుతో పోల్చి ప్రసంగించాడు. రైతుకు ఏడాది పొడుగునా పని ఉన్నట్టే బోధకుడికీ ఉంటుందని ఆయన భావం. పల్లెటూరి మనిషికి ఇంతకంటే తేలిగ్గా ఎలా చెబుతారు? కేథలిక్ రాణి మేరీ కాలంలో, 1555లో, ఆయన్నీ కాల్చేశారు. తర్వాత ప్రొటెస్టెంటు రాణి ఎలిజబెత్ హయాంలో కేథలిక్ గురువులకు మరణశిక్షలు పడ్డాయి. క్రూరత్వం రెండు వైపులా ఉంది.

గిన్నెలకు మాట్లు వేసుకుని బతికే జాన్ బన్యన్ అనుమతి లేకుండా ప్రసంగాలు చేసి, పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు. 1678లో అతని 'యాత్రికుని ప్రయాణం' వెలువడింది. 1684లో వచ్చిన రెండో భాగంలో యాత్రికుడి భార్య తన పిల్లల్ని వెంటబెట్టుకుని అదే దారిన బయల్దేరుతుంది. పదిహేడో శతాబ్దంవారని చెప్పుకునే మన వీరబ్రహ్మంగారు బనగానపల్లెలో అచ్చమ్మగారికి తత్త్వం బోధించారంటారు కదా. అక్కడా ఇక్కడా పెద్ద మాటలు ఇంటి భాషలోకి దిగివచ్చిన కాలమన్నమాట.

ఇక ఆ పుస్తకాలు మన దాకా ఎలా వచ్చాయి? విశాఖపట్నంలో డెస్‌గ్రాంజెస్ దొర, ఆనందరాయర్ కలిసి తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి వైపు వెళితే ముత్యాలపాడు ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎస్.పి.జి. మిషను వాళ్లు 1850ల్లో అక్కడ పని మొదలుపెట్టారు. 1880ల్లో నంద్యాలలో ఉపాధ్యాయులకు శిక్షణ పాఠశాల నడిచింది. పలకా బలపం ముట్టే భాగ్యంలేని దళిత కుటుంబాల పిల్లలకు అక్షరాలు అందాయి. ఇంగ్లీషువాళ్ల ప్రార్థన పుస్తకమూ తెలుగైంది. చదువు రానివాళ్లు వింటూ వింటూ కంఠస్థం చేశారు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు అందులో చేరలేదు. 1975లో చేరారు. ఆ నంద్యాలకే 2013లో పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ ఆవిడే. ఇంగ్లండు చర్చిలో ఒక స్త్రీ బిషప్ కావడానికి 2015 దాకా పట్టింది. చదవకూడదన్న 1543 చట్టానికి 470 ఏళ్ల తర్వాత, ఆ పుస్తకాలు పంపినవాళ్ల కంటే ముందే, మన నంద్యాలలో ఒక స్త్రీ ఆ పీఠమెక్కింది.

ఏ మతమైనా కానివ్వండి, మన ఇళ్లల్లో పిల్లలు వల్లించే శ్లోకానికో, ప్రార్థనకో అర్థమేమిటో వాళ్లకు తేట తెలుగులో చెబుదాం. తెలియకపోతే తెలుసుకుని చెబుదాం. అడిగే హక్కు, చదివే హక్కు ఊరికే రాలేదమ్మా. సెలవు.