నీటి అణువు వంపు

బొగ్గుపులుసు గాలి అణువులో మూడు పరమాణువులున్నవి. నీటి అణువులోను మూడే. కాని మొదటిదానిలో ఆ మూడును ఒకే సరళరేఖపై నిలిచియుండగా, నీటి అణువు నడుమనున్న ఆమ్లజని వద్ద వంగియున్నది. ఈ వంపు ఎందుకు?

రేడియోలో బొమ్మ గీచి చూపుటకు వీలులేదు గనుక, శ్రోతలు నాలుగు గాలిబుడగలను సమానముగా ఊది, మూతులన్నిటిని ఒకేచోట ముడివేయవలెనని కోరుచున్నాము. అవి బల్లపరుపుగా పడియుండవు. ఒకటి పైకి లేచును. తక్కిన మూడును ముక్కాలిపీట కాళ్ళవలె క్రిందికి విచ్చుకొనును. ఏ రెంటి నడుమ చూచినను కోణము సుమారు 109.5 డిగ్రీలు. ఒండొంటికి ఎడముగా నుండుటకు అంతకన్న మంచి అమరిక లేదు.

పరమాణువు వెలుపలి ఎలక్ట్రానుల జంటలును ఇట్లే ఎడముగా సర్దుకొనును. ఋణవిద్యుత్తుల వికర్షణయే గాక, ఒకే తీరు భ్రమణముగల రెండు ఎలక్ట్రానులు ఒక్కచోట ఇమడవను పౌలీ నియమము కూడ ఇందుకు కారణము. 1940లో సిడ్జ్విక్, పవెల్ అను శాస్త్రజ్ఞులు చూపిన ఈ త్రోవను 1957లో గిలెస్పీ, నైహోమ్ అనువారు నియమముగా తీర్చిరి.

మీథేను వాయువులో నాలుగు జంటలును ఉదజని పరమాణువులను పట్టియుంచును. కోణము సరిగా 109.5. అమ్మోనియాలో మూడే పట్టియుంచును. నాలుగవది ‘ఒంటరి జంట’. పేరు వింతగానున్నను, పని పెద్దది. దానిని లాగునది ఒకే కేంద్రకము గనుక అది పరమాణువు చెంతనే వెడల్పుగా పరచుకొని, బంధములను ఒత్తును; కోణము 107కు తగ్గును. నీటిలో అట్టి జంటలు రెండు, కోణము 104.5. బొగ్గుపులుసు గాలిలోని కర్బనమునకు ఒంటరి జంటలే లేవు. దాని రెండు ద్విబంధములు ఎదురెదురుగా నిలుచును.

ఈ కొద్ది వంపుచేతనే నీటి అణువునకు ఒకవైపు ఋణము, వేరొకవైపు ధనము ఏర్పడినవి. ఉప్పు నీటిలో కరుగుట దీనిచలువయే. అణువులు ఒండొంటిని గట్టిగా పట్టుకొనుటచే నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్దగాని మరుగదు. రెట్టింపుకు మించిన బరువుగల బొగ్గుపులుసు గాలి అణువులు మైనస్ 78 డిగ్రీల వద్దనే ఘనరూపము వీడి ఎగిరిపోవును. నీటి అణువు తిన్నగానున్నచో దాని ధ్రువములు రెండును చెల్లిపోయెడివి. అప్పుడు మన చెరువులలో నీరు నిలిచెడిదా యనుట సందేహమే.

అయితే బుడగల ఉపమానమును ఎక్కువ దూరము లాగరాదు. ఆమ్లజని స్థానమున గంధకమున్న హైడ్రోజన్ సల్ఫైడులో కోణము 92 డిగ్రీలే. అణువు వంగునని ఈ నియమము చెప్పును. అంతగా వంగునని చెప్పజాలదు. ఆ లెక్కకు క్వాంటం గణితము నాశ్రయింపవలసినదే.