పికప్ ట్రక్కు, ట్రైలరు: లాగే బలం, మోసే బరువు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పికప్ ట్రక్కు కనిపించని వీధి అరుదు. ముందు మనుషులు కూర్చునే గది, వెనుక సామాను వేసుకొనే పైకప్పులేని తొట్టి, ఇదే దాని రూపం. వీటిలో టయోటా టకోమా, షెవర్లే కొలరాడో, నిస్సాన్ ఫ్రాంటియర్, ఫోర్డ్ రేంజర్ వంటివి మధ్యరకానికి చెందినవి. వారమంతా ఆఫీసుకు తీసుకొనిపోయే ఈ బండికే సెలవు రోజులలో పడవనో, గుర్రాల పెట్టెనో, చక్రాలమీది విడిది ఇంటినో తగిలించి వందల మైళ్ళు పోతారు. డాలస్, హూస్టన్ వంటి నగరాలలో స్థిరపడిన తెలుగువారిలోనూ ఇల్లు మారేటప్పుడు అద్దె ట్రైలరు తగిలించుకొనేవారున్నారు.

బండి కొనేవాడు మొదట అడిగే ప్రశ్న, ఇది ఎంత బరువు లాగుతుంది అని. 2019లో అమెరికా విపణిలోకి తిరిగి వచ్చిన ఫోర్డ్ రేంజరునే తీసుకొందాం. లాగుడుకు కావలసిన అమరికలు ఫ్యాక్టరీలోనే బిగించినట్లయితే అది 7,500 పౌండ్లు, అనగా సుమారు 3,400 కిలోగ్రాముల ట్రైలరును లాగగలదని తయారీదారులు ప్రకటించారు. అవి లేనిచో అదే బండికి 3,500 పౌండ్లే పరిమితి. ఇంజను రెండింటిలోనూ ఒక్కటే. కనుక ఆ సంఖ్య ఇంజను బలాన్ని మాత్రమే చెప్పేది కాదని తెలుస్తున్నది.

ఒకప్పుడు ప్రతి కంపెనీ ఈ సంఖ్యను తనకు తోచిన పద్ధతిలో ప్రకటించుకొనేది. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 2008లో జె 2807 అనే ప్రమాణాన్ని వెలువరించింది. 2011 నమూనాలతో టయోటా దానిని ముందుగా అనుసరించగా, తక్కినవారు ఒక్కరొక్కరే ఆ దారికి వచ్చారు. ఆ ప్రమాణంలోని పరీక్షలలో ప్రసిద్ధమైనది కొండ ఎక్కడం. ఆరిజోనా రాష్ట్రంలో డేవిస్ డ్యాము సమీపాన, బుల్‌హెడ్ సిటీ నుండి యూనియన్ కనుమకు పోయే రహదారి 11.4 మైళ్ళ దూరంలో సుమారు 900 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. కొండ దిగువన 38 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, లోపల చల్లగాలి యంత్రం పూర్తిగా నడుస్తూ ఉండాలి, వేగం గంటకు 40 మైళ్ళకు తగ్గరాదు. రెంటచింతల ఎండ ఎరిగినవారికి 38 డిగ్రీలు పెద్ద లెక్క కాకపోవచ్చు. కాని బరువు లాగుతూ కొండ ఎక్కే ఇంజనుకు అది గట్టి పరీక్షే.

ఇక్కడ విద్యార్థులు చేయదగిన చిన్న లెక్క ఒకటి ఉన్నది. ట్రక్కు, ట్రైలరు కలిసి 5,400 కిలోలు అనుకొందాం. నూటికి 5 వంతుల వాలు ఎక్కడానికి గురుత్వాకర్షణకు ఎదురుగా కావలసిన బలం సుమారు 2,650 న్యూటన్లు. గంటకు 40 మైళ్ళు, అనగా సెకనుకు 17.9 మీటర్ల వేగంతో దీనిని గుణిస్తే 47 కిలోవాట్లు, అనగా 63 అశ్వశక్తి వస్తుంది. గాలి నిరోధాన్ని, చక్రాల నిరోధాన్ని కలుపుకొన్నా 100 అశ్వశక్తి ప్రాంతంలోనే తేలుతుంది. ఆ రేంజరు ఇంజను సామర్థ్యం 270. అయితే కష్టమెక్కడ? కాలిన ఇంధనంలో చక్రాలకు చేరే శక్తి కొంతే, మిగిలినది వేడి. దానిని నీరు, నూనె, గాలి ద్వారా నిమిషనిమిషం బయటికి పంపకపోతే గేరుపెట్టెలోని నూనె మాడి, ఆ పెట్టె చెడుతుంది. లాగుడు బండ్లకు గేరు నూనెను చల్లబరిచే జల్లెడ వంటి పరికరాన్ని ముందుభాగాన అమర్చడం ఇందుకే. దీని సంగతి ఇంతటితో చాలు. అసలు చిక్కు మరొకచోట ఉన్నది.

పై పరీక్షలో బండిలో కూర్చునేవారు ఇద్దరే, ఒక్కొక్కరు 68 కిలోలు. ప్రకటనలో దీనిని పెద్ద అక్షరాలతో ఎవరూ అచ్చు వేయరు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభంమీద ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిసి ఎంత బరువుకు మించరాదో అందులో ఉంటుంది. మధ్యరకం పికప్పులలో ఈ మోతబరువు సుమారు 500 కిలోలు ఉండడం సాధారణం. ట్రైలరు నేలమీద తన చక్రాలతోనే నడిచినా, దాని బరువులో కొంత భాగం ట్రక్కు తోకమీద ఆనుతుంది. ఆ భాగం కూడా ఈ 500 లోనిదే.

ఈ విషయం ఎద్దుబండి తోలినవారికి కొత్త కాదు. గడ్డి గాని, ధాన్యం బస్తాలు గాని వేసేటప్పుడు నొగమీద కొద్దిగా బరువు ఉండేటట్లు ముందుకు సర్దుతారు. బరువు మరీ ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలమీద నలుగుతుంది. వెనుకకు పడితే కాడి పైకి లేచి పలుపులు మెడలను బిగిస్తాయి. ట్రైలరుకు కూడా నొగ ఉన్నది, ఇరుసు ఉన్నది. కాడికి బదులు ట్రక్కు వెనుక ఒక ఉక్కు బంతి ఉన్నది. బంతిమీద ఆనే నొగబరువు ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు ఉండాలని అక్కడి నియమం.

నలుగురున్న కుటుంబం ప్రయాణమైనదనుకొందాం. మనుషుల బరువు 235 కిలోలు, తొట్టిలోని సామాను 100, తగిలించే ఇనుప సామగ్రి 45. మొత్తం 380. మిగిలినది 120 కిలోలే. నొగబరువు నూటికి 12 వంతుల లెక్కన 120 కిలోలు ఉండే ట్రైలరు బరువు 1,000 కిలోలు! 2,900 కిలోలు లాగుతుందని ప్రకటించిన బండి కూడా ఆ కుటుంబంతో వెళ్ళేటప్పుడు న్యాయంగా 1,000 కిలోలకే సరిపోతుంది. లాగే బలం తరగకముందే మోసే బరువు నిండిపోతున్నది. మధ్యరకం బండి విషయంలో ముందుగా వేసుకోవలసిన లెక్క ఇదే.

నొగబరువును కనుగొనడానికి తరగతిలో చెప్పే తులాదండ సూత్రమే చాలు. ట్రైలరు బరువు 2,000 కిలోలు, బంతినుండి ఇరుసుకు దూరం 4 మీటర్లు, గురుత్వ కేంద్రం ఇరుసుకు అర మీటరు ముందున్నది అనుకొంటే, ఇరుసు చుట్టూ భ్రామకాలు తీయగా నొగబరువు 2,000 × 0.5 ÷ 4, అనగా 250 కిలోలు. నూటికి పన్నెండున్నర వంతులు, బాగున్నది. ఇప్పుడు 150 కిలోల నీళ్ళతొట్టిని ఇరుసుకు 2 మీటర్లు వెనుక పెట్టినచో నొగమీద 75 కిలోలు తగ్గి 175 మిగులుతుంది. మొత్తం 2,150 కిలోలు కనుక నొగబరువు నూటికి 8 వంతులకు పడిపోయినది. అదే తొట్టిని ఇరుసుకు 1 మీటరు ముందు పెడితే 13 వంతులు దాటుతుంది. నీళ్ళు అవే, తొట్టి అదే. పెట్టిన చోటు మాత్రమే మారినది.

నొగబరువు తగ్గితే ఏమవుతుంది? ట్రైలరు బంతి చుట్టూ అటూ ఇటూ తిరగగల వస్తువు. గాలి తోసినా, పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా తోక పక్కకు జరుగుతుంది. టైర్ల పట్టు దానిని తిరిగి వరుసలోకి తెస్తుంది. అయితే లోలకం వలె అది నడిమిగీత దాటి రెండోవైపుకు పోతుంది. వేగం తక్కువైనప్పుడు ప్రతి ఊపులోను టైర్లు కొంత శక్తిని మింగి ఊగడాన్ని చల్లార్చుతాయి. వేగం పెరిగేకొద్దీ ఈ చల్లార్చే గుణం తగ్గిపోతుంది. ఒక హద్దు దాటిన తరువాత బండి ముందుకు పోయే శక్తే ఊపుకు ఊతమిస్తుంది, ప్రతి ఊపూ ముందుదానికన్న పెద్దదవుతుంది. ట్రైలరు పక్కకు తిరిగి ట్రక్కును కూడా పడదోయడానికి కొద్ది సెకన్లు చాలు. గురుత్వ కేంద్రం వెనుకకు జరిగేకొద్దీ ఆ హద్దువేగం తగ్గుతుంది. బరువులను రెండు కొసలకూ పంచి పెట్టడమూ మంచిది కాదు. నొగబరువు సరిగానే ఉన్నా, జడత్వ భ్రామకం పెరిగి ఒకసారి మొదలైన ఊపు తొందరగా ఆగదు. బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కొద్దిగా ముందుకు, నేలకు ఆనించి పెట్టడం ఉత్తమం.

ఊగడం మొదలైనప్పుడు డ్రైవరు తత్తరపడి చక్రం అటూ ఇటూ తిప్పడం సహజం. కాని అతని చేయి ఎప్పుడూ ఊపుకు కొంచెం వెనుకబడే ఉంటుంది. ఉయ్యాలను అదనుచూసి తోసినట్లు, ఆ తిప్పుడే ఊపును పెంచుతుంది. వేగం పెంచి తప్పించుకోవాలనుకోవడం ఇంకా ప్రమాదం. చక్రాన్ని నిలకడగా పట్టుకొని, యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీసి, ట్రైలరు బ్రేకును మాత్రమే చేతితో వేయవలె. అప్పుడు ట్రైలరు వెనుకకు లాగబడి తాడువలె వరుసకు వస్తుంది. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే బండ్లకు గంటకు 55 మైళ్ళే పరిమితి విధించడంలోని వివేకం ఇక్కడ బోధపడుతుంది.

నొగబరువు సరిపోయినంతమాత్రాన ట్రక్కుకు ఇబ్బంది తీరదు. బంతి వెనుక ఇరుసుకు 1.2 మీటర్లు వెనుకగాను, ట్రక్కు ఇరుసుల మధ్య దూరం 3.2 మీటర్లుగాను ఉంటే, 250 కిలోల నొగబరువువల్ల వెనుక ఇరుసుమీద పెరిగేది 250 కాదు, 344. మిగతా 94 ముందు ఇరుసునుండి వచ్చినది. అనగా ముందు చక్రాలు తేలికపడినవి. బండిని తిప్పేవీ, ఆపడంలో ఎక్కువ పని చేసేవీ ఆ చక్రాలే. దీపాల వెలుగు కూడా పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. దీనికి విరుగుడుగా బరువు పంచే హిచ్ అనే అమరిక ఉన్నది. బంతి దగ్గరనుండి రెండు ఉక్కు స్ప్రింగు కడ్డీలు నొగ పొడవునా వెనుకకు పోతాయి. వాటి కొసలను పైకి బిగిస్తే అవి మీటల వలె పనిచేసి, వెనుక ఇరుసుమీది బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రైలరు చక్రాలకు పంపుతాయి.

కొందరు దీనికి బదులు వెనుక కమాను కట్టల దగ్గర గాలి సంచులు పెట్టి తోకను పైకి లేపుతారు. చూడడానికి బండి సమంగా నిలుస్తుంది గాని, ముందు చక్రాలకు పోయిన బరువు తిరిగి రాదు, చీటీమీది 500 కూడా 600 కాదు. అందంకోసం పెద్ద టైర్లు వేసి బండిని ఎత్తు చేసేవారి సంగతి చెప్పనక్కరలేదు. చక్రం పెద్దదయ్యేకొద్దీ నేలమీద లాగే బలం తగ్గుతుంది, గురుత్వ కేంద్రం పైకి పోతుంది.

ఎక్కిన కొండను దిగవలసి ఉంటుంది. 2,400 కిలోల ట్రక్కు, 2,000 కిలోల ట్రైలరు 900 మీటర్ల ఎత్తునుండి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 3 కోట్ల 88 లక్షల జౌళ్ళు. 30 డిగ్రీల నీటిని 130 లీటర్ల వరకు మరిగే స్థితికి తేవడానికి ఇది చాలు. గాలి, టైర్లు తీసుకొన్నంత పోగా మిగిలిన వేడి అంతా బ్రేకులలోకి చేరితే అవి ఎర్రగా కాగి పట్టు వదులుతాయి. అందుచేత తక్కువ గేరులో దిగి, ఇంజనే బండిని వెనుకకు పట్టేటట్లు చేయాలి. లాగుడుకు ప్రత్యేకమైన మీట ఉన్న బండ్లలో గేరుపెట్టె ఈ పనిని తానే చూసుకొంటుంది. చాలా రాష్ట్రాలలో ట్రైలరు బరువు 3,000 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలని చట్టం. ఇవి సాధారణంగా విద్యుత్తుతో పనిచేస్తాయి. డ్రమ్ములోని విద్యుదయస్కాంతానికి కరెంటు అందగానే అది తిరిగే డ్రమ్మును అంటుకొని, దానితోపాటు కొంచెం జరిగి, ఒక మీట ద్వారా బ్రేకు చెప్పులను తెరుస్తుంది. ట్రక్కు ఎంత గట్టిగా ఆగుతున్నదో గ్రహించి అంతే కరెంటు పంపే నియంత్రణ పెట్టె డ్రైవరు చేతికి అందేచోట ఉంటుంది.

తగిలించే సామగ్రిలో ఒక్క జాగ్రత్త. అక్కడ బంతులు 1 7/8, 2, 2 5/16 అంగుళాల కొలతలలో దొరుకుతాయి. 2 అంగుళాల గిన్నెను 1 7/8 బంతిమీద పెడితే కూర్చున్నట్లే కనబడుతుంది, గతుకు వచ్చినప్పుడు ఊడివస్తుంది. నొగ ఊడినా నేలను గుచ్చుకోకుండా రెండు గొలుసులను దానికింద అడ్డదిడ్డంగా, ఊయెలవలె పట్టేటట్లు తగిలిస్తారు. దీపాలకు నాలుగు తీగల ప్లగ్గు చాలు, విద్యుత్ బ్రేకులుంటే ఏడు తీగలది కావలె.

ఇన్ని లెక్కలూ సరో కాదో తేల్చేది కాటా. అక్కడి రహదారుల పక్కన లారీల కోసం ఉన్న కాటాలు ఒక్కొక్క ఇరుసు బరువును విడిగా చూపుతాయి. మనుషులు, ఇంధనం, సామానుతో ట్రక్కును ఒంటిగా తూస్తే ముందు ఇరుసు 1,250, వెనుక ఇరుసు 1,150, మొత్తం 2,400 కిలోలు వచ్చినదనుకొందాం. స్ప్రింగు కడ్డీలు బిగించకుండా ట్రైలరు తగిలించి తూయగా ముందు 1,156, వెనుక 1,494, ట్రైలరు ఇరుసు 1,750. ట్రక్కు ఇరుసులమీద పెరిగినది 250, అదే నొగబరువు. దానిని 1,750కి కలిపితే ట్రైలరు 2,000 కిలోలు. అదే ట్రైలరులో నీళ్ళతొట్టి వెనుక నింపుకొని వస్తే కాటా చూపేది ట్రక్కుకు 2,575, ట్రైలరు ఇరుసుకు 1,975. సామాను 150 కిలోలు పెరిగి ట్రక్కు మాత్రం 75 కిలోలు తేలికపడినదంటే నొగ లేస్తున్నదన్నమాట. అప్పుడు రోడ్డెక్కక, తొట్టి ఖాళీ చేసో, బరువులు ముందుకు జరిపో మూడోసారి తూయించాలి.